వారం దాటకముందే అడగండి

(ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో ఒక గిరిజన పోస్టుమెట్రిక్ బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దున ఊరేగింపులో మన పిల్లలు డోలు కొడుతుంటే, గుస్సాడీ ఆడుతుంటే కడుపు నిండిపోయింది. ఇప్పుడు నన్ను విద్య గురించి మాట్లాడమన్నారు. చదువు గొప్పది, చదువుకోవాలి అని చెప్పడానికైతే నేను రానవసరం లేదు. ఆ మాట మీరు ప్రతి సభలోనూ వింటున్నారు, మీ అమ్మానాన్నలూ విన్నారు. నేను కాలేజీలో చేరని పిల్లల గురించి కాదు, చేరి మధ్యలో మానేసిన పిల్లల గురించి మాట్లాడతాను. వాళ్లలో కొంతమంది ఇప్పుడు ఈ సభలోనే, వెనక వరసల్లో కూర్చుని ఉన్నారని నాకు తెలుసు. మీరు తల దించుకోవద్దు. ఈ మాటల్లో తప్పు నాది కూడా ఉంది.

ముందుగా ఆ తప్పే చెబుతాను.

కొన్నేళ్ల కింద మా హాస్టల్లో ఒక అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరింది. కొలాం పిల్ల. ఇంటర్లో మంచి మార్కులు వచ్చాయి. వాళ్ల గూడెంలో ఇంటర్ దాటిన మొదటి ఆడపిల్ల ఆమే. మాట తక్కువ, పని ఎక్కువ. పొద్దున్నే లేచి తన ప్లేటుతోపాటు పక్క పిల్ల ప్లేటు కూడా కడిగి పెట్టేది. ఆ ఏడాది నాగోబా జాతరకు ఇంటికి వెళ్లి తిరిగి రాలేదు. నేను రిజిస్టర్‌లో మొదట గైర్హాజరు అని రాశాను, నెల దాటాక మానేసినట్టు రాశాను. ఆమె సీటు ఇంకో పిల్లకు ఇచ్చాం. నా దృష్టిలో ఆ సంగతి అక్కడితో అయిపోయింది.

మరుసటి ఏడాది నేను ఒక పని మీద వాళ్ల గూడెం వైపు వెళ్తే చేనులో పత్తి ఏరుతూ కనిపించింది. దగ్గరికి పిలిచి ఎందుకు మానేశావమ్మా అన్నాను. "రెండు పేపర్లు ఫెయిలైన కదా మేడం, ఇంక నన్నెట్ల రానిస్తరు?" అంది.

నాకు నోట మాట రాలేదు. మొదటి సెమిస్టర్‌లో రెండు పేపర్లు పోతే ఎవరూ కాలేజీ నుంచి పంపించరు. రెండో సెమిస్టర్ చదువుకోవచ్చు, పోయిన పేపర్లు మళ్లీ రాసుకోవచ్చు. ఈ సంగతి నాకు తెలుసు, లెక్చరర్లకు తెలుసు, పట్నం పిల్లలకు తెలుసు. ఆ పిల్లకు తెలియదు. తను ఆశ్రమ పాఠశాలలో చదివింది. ఫెయిల్ అంటే పెట్టె సర్దుకుని ఇంటికి పోవడమే అని అక్కడే నేర్చుకుంది. నేను అదే బిల్డింగులో, ఆమె గదికి నాలుగడుగుల దూరంలో ఉండి కూడా చెప్పలేదు. ఆమె అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు. ఆమె రాలేదు కాబట్టి నేనూ అడగలేదు.

నేను టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని. పిల్ల వెనకబడితే కారణం వెతకాలని మాకు నేర్పారు. కానీ వార్డెన్ పనిలో పడ్డాక బియ్యం, గుడ్లు, గ్యాస్, బిల్లులు, తనిఖీలు చూసుకుంటూ రిజిస్టర్ నింపడమే నా పని అనుకున్నాను. పిల్ల ఎందుకు రాలేదన్న గడి ఆ రిజిస్టర్‌లో లేదు.

ఇప్పుడు కాస్త లెక్కలు చెబుతాను, రెండే. కేంద్ర విద్యాశాఖ ఉన్నత విద్య సర్వే ప్రకారం 2014-15లో దేశంలో కాలేజీ వయసు ఉన్న ఎస్టీ యువతలో చేరికల శాతం 13.5. 2021-22 నాటికి అది 21.2 అయింది. దేశం మొత్తానికి అదే ఏడాది 28.4. అంటే మనం ఎక్కుతున్నాం, ఇంకా కింద మెట్టు మీద ఉన్నాం. అయితే ఒకటి గమనించండి. ఇది చేరినవాళ్ల లెక్క. పూర్తి చేసినవాళ్ల లెక్క కాదు. ఆ కొలాం పిల్ల కూడా ఒక ఏడాది ఈ లెక్కలో ఉండే ఉంటుంది.

మరి చేరిన పిల్లలు ఎక్కడ జారిపోతున్నారు? నా అనుభవంలో నాలుగు చోట్ల.

మొదటిది కాగితం. ఆధార్‌లో పేరు ఒక రకం, పదో తరగతి మెమోలో ఇంకో రకం. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. స్కూల్లో చేర్చినప్పుడు సారు తనకు పలికినట్టు రాశాడు, ఆధార్ తీసినప్పుడు ఆపరేటర్ తనకు వినబడినట్టు కొట్టాడు. పదిహేనేళ్ల తర్వాత ఆ తేడా ఈపాస్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తు దగ్గర బయటపడుతుంది. ఆదాయం సర్టిఫికెట్ కోసం ఒకసారి, బ్యాంకు ఖాతాకు ఆధార్ కలపడానికి ఒకసారి, వేలిముద్రకు ఒకసారి మీసేవకు తిరగాలి. ఒక్కోసారి సర్వర్ ఉండదు, ఒక్కోసారి కరెంటు ఉండదు. ఇంతలో గడువు దాటిపోతుంది. పిల్లకు అర్థమయ్యేది ఒక్కటే, "నాకు స్కాలర్‌షిప్ రాదట" అని.

రెండోది డబ్బు. పెద్ద డబ్బు కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, హాస్టల్లో తిండి ఉంది. పరీక్ష ఫీజు, బస్సు చార్జీ, రికార్డు పుస్తకాలు, ఫోన్ రీచార్జి, ఆడపిల్లల నెలసరి ఖర్చు, పిల్లలను ఆపేది ఈ చిన్న మొత్తాలే. ఇంట్లో అడగాలంటే నాన్న పత్తి విత్తనాలకే సేటు దగ్గర అప్పు చేశాడని తెలుసు. అందుకే పిల్ల అడగదు, పరీక్ష ఫీజు కట్టదు, పరీక్ష రాయదు. ఇక ప్రభుత్వం నుంచి ఫీజు బకాయిలు ఆలస్యమైతే కొన్ని ప్రైవేటు కాలేజీలు టీసీలు, మెమోలు ఆపేస్తాయి. మూడేళ్లు చదివి కూడా చేతిలో కాగితం లేని పిల్లల్ని నేను చూశాను.

మూడోది భాష. మనం ఇంట్లో గోండి మాట్లాడతాం, కొలామీ మాట్లాడతాం. బడికి వెళ్లి తెలుగు నేర్చుకుంటాం. అది కాస్త పట్టుబడేసరికి డిగ్రీ ఇంగ్లీషులో ఉంటుంది. మొదటి నెల క్లాసులో కూర్చున్న పిల్లకు ఏమీ అర్థం కాదు. పక్కవాళ్లు రాసుకుంటుంటారు, తనూ బోర్డు మీద ఉన్నది గీసుకుంటుంది. నాకు తెలివి లేదు అనుకుంటుంది. మూడో భాషలో మూడు నెలల్లో ఎకనామిక్స్ అర్థం కాకపోతే అది తెలివి లేకపోవడం కాదు. ఆ మాట ఆమెకు మొదటి నెలలోనే ఎవరో ఒకరు చెప్పాలి.

నాలుగోది ఇల్లు, కాలం. కాలేజీ క్యాలెండర్ వేరు, మన క్యాలెండర్ వేరు. పత్తి ఏరే కాలమూ మొదటి సెమిస్టర్ పరీక్షల కాలమూ ఒకదాని మీద ఒకటి పడతాయి. దండారికి ఊరు ఊరంతా కదులుతుంది. ఎండ ముదిరేసరికి ఇప్పపువ్వు రాలుతుంది, ఇంట్లో ప్రతి చెయ్యీ కావాలి. ఆడపిల్ల అయితే ఇంటికి వచ్చినప్పుడల్లా సంబంధం మాట వస్తుంది. దండారికి పోవద్దని నేను ఏనాడూ చెప్పలేదు, చెప్పను. గుస్సాడీ టోపీ పెట్టుకున్న పిల్లవాడు డిగ్రీ కూడా చదవాలి. ఇబ్బంది పోవడంలో లేదు. నాలుగు రోజులకని వెళ్లి పద్నాలుగు రోజులు ఉండిపోతారు. పద్నాలుగు రోజుల తర్వాత క్లాసుకు రావాలంటే సిగ్గు వేస్తుంది. సార్ ఏమంటాడో, హాజరు 75 శాతం ఉందో లేదో, నోట్సు ఎవరిని అడగాలో అన్న భయంతో ఇంకో వారం ఆగుతారు. ఆ ఇంకో వారంలోనే చదువు పోతుంది.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ తెలివికి సంబంధించినది కాదు. సమయానికి ఒక మనిషి పక్కన ఉంటే దాటగలిగినవే ఎక్కువ.

ఇది నేను ఊరికే అంటున్న మాట కాదు. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. రెండేళ్ల చదువు, తక్కువ ఫీజు. పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు, వలస వచ్చినవాళ్ల పిల్లలు ఎక్కువగా అక్కడ చేరతారు. వాళ్లకూ మన కష్టమే. చేరేవాళ్లు చాలామంది, పూర్తి చేసేవాళ్లు కొంతమంది. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ 2007లో తన కమ్యూనిటీ కాలేజీల్లో ఏఎస్‌ఏపీ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. కట్టాల్సిన ఫీజులో ఇంకా మిగిలిపోయింది భరించారు, పుస్తకాలు ఇచ్చారు, బస్సుకీ రైలుకీ పాస్ ఇచ్చారు. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రతి విద్యార్థికీ ఒక సలహాదారుని పెట్టి క్రమం తప్పకుండా కలవాలని నియమం పెట్టారు. ఆ కలయికలకు వస్తేనే పాస్.

అది పని చేసిందా లేదా అని ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ పరీక్షించింది. పేద విద్యార్థుల్ని, చదువులో కాస్త వెనకబడి చేరినవాళ్లని, చీటీలు తీసినట్టు రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ఈ సాయం, ఇంకో భాగానికి మామూలు కాలేజీ. మూడేళ్లలో మామూలు కాలేజీలో 100కు 22 మంది పూర్తి చేస్తే, సాయం అందినవాళ్లలో 40 మంది పూర్తి చేశారు. తర్వాత ఒహాయో రాష్ట్రంలో మూడు కాలేజీల్లో ఇదే చేస్తే 19 నుంచి 35కు పెరిగింది. పిల్లలు అలాంటి పిల్లలే. పాఠాలు చెప్పిన కాలేజీలూ అవే. మారింది చుట్టూ ఉన్న సాయం, ఆరా తీసే మనిషి.

అక్కడి ఆదివాసులు ఇంకో అడుగు ముందుకు వేశారు. నవాహో తెగవాళ్లు 1968లో తమ కాలేజీ తామే పెట్టుకున్నారు. అమెరికాలో ఒక తెగ నడిపిన మొదటి కాలేజీ అది. ఇప్పుడు దాని పేరు డీనే కాలేజీ. అక్కడ నవాహో భాష, చరిత్ర కూడా పాఠాలే. కాలేజీకి రావాలంటే ఇంటి భాషను గేటు బయట వదిలి రానక్కర్లేదు.

ఇది మనకు కొత్త కూడా కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడైన తర్వాత నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను మన ప్రాంతానికి పంపింది. ఆ దశాబ్దంలోనే మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ శిక్షణ ఇచ్చారు, గోండి భాషలో వాచకాలు తయారు చేశారు. మన వాళ్లే సార్లయ్యారు. పిల్ల బడికి రాకపోతే ఏ ఇంటికి వెళ్లి ఎవరిని అడగాలో, ఏ భాషలో అడగాలో ఆ సారుకు తెలుసు.

ఆ పత్తి చేను నుంచి వచ్చాక నేను చేసింది పెద్ద పనేమీ కాదు. ఒక నోటుపుస్తకం కొన్నాను. ప్రతి పిల్ల పేరు మీద ఒక పేజీ. ఇంట్లో ఎవరి ఫోన్ ఉంది, ఏ గుట్ట ఎక్కితే సిగ్నల్ వస్తుంది, ఊళ్లో ఎవరి మాట వింటారు, ఏ సంతకు వస్తారు, అన్నీ రాసుకున్నాను. ఇంటికి వెళ్లిన పిల్ల చెప్పిన రోజుకు రాకపోతే వారం దాటకముందే ఫోన్ చేయాలని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. ఫోన్ కలవకపోతే ఆ వైపు సంతకు వెళ్లేవాళ్లతో కబురు పంపుతాను. ఎందుకు రాలేదని గద్దించను. "నీ మంచం ఖాళీగానే ఉంది, ఎప్పుడు వస్తావు?" అంటాను, అంతే.

భోజనాల గది గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను: ఒక పేపర్ పోతే చదువు పోదు. దాని కింద పరీక్ష ఫీజు గడువు, ఈపాస్ గడువు, బ్యాక్‌లాగ్ పేపర్లు ఎప్పుడు రాయాలి అన్నవి. పై ఏడాదికి వెళ్లడానికి ఎన్ని క్రెడిట్లు కావాలో ప్రతి ఏడాదీ కాలేజీలో అడిగి తెచ్చి రాస్తాం. జూన్‌లో కాలేజీలు తెరిచిన మొదటి రెండు ఆదివారాలు కాగితాల రోజులు. ఆధార్, మెమో, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూస్తాం. తేడా ఉంటే జూన్‌లోనే సరిచేయిస్తాం, గడువు రోజు ఏడవనవసరం లేదు. రాత్రి భోజనం అయ్యాక సీనియర్ పిల్లలు జూనియర్లకు ఒక గంట చెబుతారు. ఇంగ్లీషు పాఠాన్ని గోండిలో చెబుతారు. మొదట్లో నవ్వారు. ఇప్పుడు ఆ గంట తీసేస్తే ఒప్పుకోరు.

అందరూ తిరిగి వచ్చారని అబద్ధం చెప్పను. కొందరు రాలేదు. ఒక పిల్లకు నేను ఫోన్ చేసేసరికి పెళ్లి ముహూర్తం పెట్టేశారు. కానీ ఒకప్పుడు నాకు కారణం కూడా తెలియకుండా పోయేవాళ్లు. ఇప్పుడు అలా ఎవరూ పోవడం లేదు. వచ్చినవాళ్లలో చాలామంది కేవలం ఒక ఫోన్‌కు వచ్చినవాళ్లే. "మీరు పిలుస్తరో లేదో అని చూస్తున్న మేడం" అని ఒక పిల్ల అంది. ఆ మాట నేను మరచిపోలేను.

ఇప్పుడు మీ వంతు. మీలో ఒక తమ్ముడు ఇందాక కింద నన్ను పట్టుకుని అడిగాడు, "డిగ్రీ చేసి ఏం చేయాలి మేడం? మా అన్న డిగ్రీ చేసి చేనులోనే ఉన్నడు" అని. ఆ ప్రశ్న తప్పించుకుంటే ఈ ప్రసంగానికి అర్థం లేదు. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ మన పిల్లలకే అని 2000 సంవత్సరంలో జీవో 3 వచ్చింది. దాన్ని నమ్ముకుని ఎంతోమంది ట్రైనింగ్ చేశారు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ దెబ్బ మన యువతకు ఇంకా తగులుతూనే ఉంది. దాని కోసం, పోస్టుల కోసం అడగాల్సిందే, సంఘాలు అడుగుతున్నాయి కూడా. డిగ్రీ ఉంటే ఉద్యోగం వస్తుందని నేను హామీ ఇవ్వలేను. కానీ ఉద్యోగం నోటిఫికేషన్ వచ్చిన రోజు డిగ్రీ లేనివాడు దరఖాస్తు కూడా చేయలేడు. పోడు పట్టా కాగితంలో ఏం రాశారో, అప్పు పత్రంలో ఎంత వడ్డీ వేశారో చదవడానికీ, కార్యాలయంలో కుర్చీ లాక్కుని కూర్చుని అడగడానికీ ఆ చదువు పనికొస్తుంది. చేనులో ఉన్న ఆ అన్న ఊరి కాగితాలన్నీ చూస్తున్నాడా లేదా, ఇంటికి వెళ్లి చూడు తమ్ముడూ.

నేను మిమ్మల్ని అడిగేవి నాలుగు.

డిగ్రీ చదువుతున్నవాళ్లు, పూర్తి చేసినవాళ్లు, మీ గూడెం నుంచి ఈ ఏడాది కాలేజీలో చేరినవాళ్లలో ఇద్దరి పేర్లు రాసుకోండి. ఇద్దరే. నెలకు రెండుసార్లు ఫోన్ చేయండి. పరీక్ష ఫీజు కట్టావా, ఏ పేపర్ కష్టంగా ఉంది, ఇంటికెళ్తే ఎప్పుడు తిరిగి వస్తావు, ఈ మూడు అడగండి. న్యూయార్క్‌లో జీతం ఇచ్చి పెట్టిన మనిషి చేసిన పనిలో సగం ఇదే. అన్నలుగా అక్కలుగా మనం జీతం లేకుండా చేయగలం.

మొదటి సంవత్సరం పిల్లలు, అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడవద్దు. పేపర్ పోతే ఇంటికి పోవద్దు, హాస్టల్‌కు రండి. డబ్బు లేక ఫీజు కట్టలేకపోతే గడువు తర్వాత కాదు, ముందే చెప్పండి.

మానేసినవాళ్లు, దారి మూసుకుపోలేదు. పోయిన పేపర్లు ఇంకా రాయొచ్చేమో మీ పాత కాలేజీకి వెళ్లి అడగండి. కుదరకపోతే అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో పెట్టారు, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. చేను పని చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ డిగ్రీ చేయొచ్చు. ఒక్కరే వెళ్లడానికి భయమైతే నన్ను పిలవండి, వస్తాను.

ఇక పెద్దలకు ఒక మనవి. రాయిసెంటర్‌లో భూమి తగాదాలు, పెళ్లి తగాదాలు తీరుస్తారు. అక్కడే ఇంకో ప్రశ్న కూడా వేయండి. మన ఊళ్ల నుంచి కాలేజీకి పోయిన పిల్లలు ఎంతమంది, ఈ నెల తిరిగి పోనివాళ్లు ఎవరు? పత్తి ఏరే కాలంలో పరీక్ష ఉన్న పిల్లను ఆ వారం రోజులు చేనుకు పంపవద్దని సార్‌మేడి ఒక మాట అంటే, నేను వంద ఫోన్లు చేసిన దానికంటే ఎక్కువ పని జరుగుతుంది. ఫీజు బకాయిల గురించి కూడా రాయిసెంటర్ తీర్మానం చేసి ఐటీడీఏకు ఇవ్వాలి. పిల్ల ఒక్కతే వెళ్లి అడిగితే రేపు రమ్మంటారు. పది ఊళ్ల పెద్దలు వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడతారు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఆ కొలాం అమ్మాయి తిరిగి కాలేజీకి రాలేదు. నేను ఎంత చెప్పినా అప్పటికే పెళ్లి కుదిరింది. పోయిన ఏడాది జూన్‌లో చంకలో బిడ్డతో హాస్టల్‌కు వచ్చింది. తన చెల్లెల్ని చేర్చడానికి వచ్చింది. సంతకం పెట్టమని రిజిస్టర్ ఇస్తే, పెట్టి, పోతూ పోతూ అంది. "ఇది ఫెయిలైనా పంపకండి మేడం. నాకు ఫోన్ చేయండి, నేనే తోల్కొస్త."

ఆ చెల్లెలికి మొదటి సెమిస్టర్‌లో ఒక పేపర్ పోయింది. ఆ వారమే వాళ్ల అక్కకు ఫోన్ చేశాను. ఇప్పుడు ఆ పిల్ల రెండో సంవత్సరం. ఈ సభలోనే ఉంది. పొద్దున ఊరేగింపులో బ్యానర్ పట్టుకున్నది తనే.

మీ ఊళ్లో ఎవరో ఒకరు ఈ వారం కాలేజీకి పోకుండా ఇంట్లో ఉండి ఉంటారు. ఇవాళ సభ అయ్యాక వాళ్లింటికి వెళ్లండి. అడగండి.

జై సేవా. జై ఆదివాసీ.